ఉమ్మితో మద్యం పరీక్ష: డ్రైవర్లు, బండ్ల ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఊదే మెషిన్ అందరికీ తెలుసు. ఉమ్మి తగిలిస్తే రంగు మారి మద్యం జాడ చెప్పే ఉమ్మి పట్టీ అనగానే మాత్రం చాలామంది ముఖం చిట్లిస్తారు. బస్సు డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు పరీక్ష చేసే బల్ల దగ్గర నేను కొన్నాళ్ళు కూర్చున్నాను. డ్రైవర్లు, వాళ్ళ ఓనర్లు, ఒక్కోసారి వాళ్ళ ఇంట్లోవాళ్ళు అక్కడ అడిగిన ప్రశ్నలే ఇవి. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు ఉంది. కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి.

మందు గొంతు దిగిపోయాక మళ్ళీ ఉమ్మిలోకి ఎలా వస్తుంది?

చుట్టూ తిరిగి వస్తుంది. మద్యంలో ఉండే ఇథనాల్ చాలా చిన్న అణువు, నీళ్ళలో ఇట్టే కలిసిపోతుంది. పొట్ట నుంచి, ముఖ్యంగా చిన్నపేగు నుంచి రక్తంలోకి చేరి, ఒంట్లో నీరు ఎక్కడుంటే అక్కడికల్లా పాకుతుంది. లాలాజల గ్రంథులకు రక్తం బాగా అందుతుంది. ఆ రక్తంలో ఉన్న ఆల్కహాల్ గ్రంథుల కణాలు దాటి ఉమ్మిలోకి వచ్చేస్తుంది, దాన్ని ఆపే గోడ ఏదీ లేదు. మనకి రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది, అందులో 99 శాతం నీళ్ళే. అందుకే రక్తంలో ఆల్కహాల్ పెరిగితే ఉమ్మిలోనూ పెరుగుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడా తగ్గుతుంది.

ఉమ్మిలో వచ్చిన అంకె, రక్తంలో ఉన్న అంకె ఒకటేనా?

దాదాపుగా. రక్తంలో ఎర్రకణాలు, ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి ఉమ్మితో పోలిస్తే నీటి భాగం తక్కువ. ఆల్కహాల్ నీటినే పట్టుకుని ఉంటుంది, అందువల్ల 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాములు ఉంటే అంతే ఉమ్మిలో సుమారు 108 కనిపిస్తుంది (విడిగా కొలత చెప్పని అంకెలన్నీ ఈ లెక్కలోనే). మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఈ విషయంలో ఉమ్మికి శ్వాస కంటే ఒక సౌలభ్యం ఉంది. ఊపిరిలో ఉండే ఆల్కహాల్ చాలా కొద్ది. రక్తంలో ఉన్నదాన్ని 2100తో భాగిస్తే వచ్చేంత అని లెక్క వేసుకుని మెషిన్లు అంకె చూపిస్తాయి. మన చట్టం చెప్పే 30 మిల్లీగ్రాముల హద్దు దగ్గర ఉన్న మనిషి లీటరు ఊపిరిలో 0.14 మిల్లీగ్రాముల ఆల్కహాలే ఉంటుంది. అందరి ఊపిరితిత్తులూ, అందరి ఒంటి వేడీ ఆ 2100కి సరిగ్గా సరిపోవు. బ్రిటన్ వాళ్ళు 2300 అని లెక్క పెట్టుకున్నారు. ఉమ్మికి ఇంత పెద్ద గుణకారం అక్కర్లేదు. ఉమ్మి పరీక్షలో చిక్కంతా నోటితో వస్తుంది. దాని సంగతి కింద చెప్తాను.

పట్టీ మీద రంగు ఎలా మారుతుంది?

పట్టీ చివర ఉన్న చిన్న మెత్తలో ఎంజైములు ఆరబెట్టి ఉంటాయి. ఒకరకం పట్టీల్లో ఆల్కహాల్ ఆక్సిడేజ్ ఉంటుంది. అది ఆల్కహాల్‌ని మార్చేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పక్కనే ఉన్న పెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము దాన్ని వాడుకుని ఒక రసాయనానికి రంగు తెప్పిస్తుంది. ఆల్కహాల్ ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురు. ప్యాకెట్ మీద ఉన్న రంగుల చార్టుతో పోల్చి చూసి సున్నానా, 20 దగ్గరా, 80 దగ్గరా అని అంచనా కట్టాలి. కంపెనీ చెప్పిన నిమిషానికే చూడాలి, చాలా పట్టీలకు అది రెండు నిమిషాలు. ఆలస్యంగా చూస్తే రంగు ఇంకా ముదిరిపోయి తాగనివాడు కూడా తాగినట్టు కనిపిస్తాడు.

రెండో రకంలో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము పనిచేస్తుంది. మన కాలేయంలో ఆల్కహాల్‌ని విరగ్గొట్టేదీ ఆ కుటుంబానికి చెందినదే. అమెరికాలో క్యూఈడీ అనే పేరుతో వచ్చిన పరికరం ఈ రకమే. బుగ్గల లోపల, నాలుక కింద దూది పుల్లతో ఉమ్మి తీసి, దాన్ని పరికరంలో ఒత్తితే రంగు గీత థర్మామీటర్‌లో పాదరసంలా ఎక్కుతుంది. గీత ఆగిన చోట ఉన్న అంకెను చదువుకోవాలి. పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో చెప్పే చుక్క ఒకటి విడిగా ఉంటుంది, ఆ చుక్క రంగు మారకపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. చార్టు పక్కన పెట్టి రంగు పోల్చడం కంటే ఇది నయం. సంధ్య వేళ, సోడియం లైటు కింద రంగు పోల్చి చూసినవాళ్ళకి నేనేం చెప్తున్నానో అర్థమవుతుంది.

మరి రోడ్డు మీద మన పోలీసులు ఊదమనే ఎందుకు అంటారు?

చట్టం ఆ దారిలోనే నడిచింది కాబట్టి. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. అది బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో తేలాలని మొదట ఉండేది. 2019 సవరణలో 'లేదా ప్రయోగశాల పరీక్షతో సహా మరే ఇతర పరీక్షలోనైనా' అనే మాటలు చేర్చారు. ఆ మాటల్లో ఉమ్మికి చోటుందని వాదించవచ్చు. కానీ ఆపడం, పరీక్షించడం, అరెస్టు చేయడం ఎలాగో చెప్పే 203, 204 సెక్షన్లు ఊపిరి గురించి, రక్తం గురించే మాట్లాడతాయి. ఊదే పరికరం కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకమై ఉండాలని కూడా అక్కడే ఉంది. ఉమ్మి అనే మాట ఎక్కడా లేదు.

చట్టం పక్కన పెట్టినా, రాత్రి 11 గంటలకి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర వందల బండ్లు ఆపేచోట ఊదడమే సులువు. గొట్టం మారుస్తారు, ఊదుతారు, కొన్ని సెకన్లలో అంకె వస్తుంది, రసీదు ప్రింటవుతుంది. ఉమ్మి పరీక్షకి మనిషికి రెండు మూడు నిమిషాలు కావాలి. అప్పటికి వెనక హారన్లు మొదలవుతాయి.

అయితే పోలీసులు ఉమ్మి ఇవ్వమంటే కాదనవచ్చా?

మద్యం విషయంలో ఆ పరిస్థితి మీకు దాదాపు ఎదురవదు. ఊదనని మొరాయిస్తే ఏమవుతుందన్నదే తెలుసుకోవాల్సిన సంగతి. తగిన కారణం లేకుండా ఊపిరో రక్తమో ఇవ్వనని అంటే, ఆ నిరాకరణే పోలీసుల సాక్ష్యానికి బలం చేకూర్చేదిగా కోర్టు తీసుకోవచ్చని 205వ సెక్షన్ చెప్తోంది. అంటే ఊదకపోతే తప్పించుకోవచ్చన్న సలహా ఇచ్చే మిత్రుడు మీ శ్రేయోభిలాషి కాడు.

ఊదినప్పుడు అంకె తప్పు వచ్చిందనిపిస్తే రక్త పరీక్ష చేయించమని మర్యాదగా అడగండి. రక్తం తీసేది రిజిస్టర్డ్ డాక్టరే అయ్యుండాలి, పరీక్ష ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ల్యాబులో జరగాలి. ఇంకో చిన్న విషయం, చాలామందికి తట్టదు: చెయ్యి స్పిరిట్‌తో తుడిచి రక్తం తీయకూడదు. ఆల్కహాల్ లేని మందుతోనే తుడవాలి.

30 అంటే ఎన్ని పెగ్గులు?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళలో సగం మందికి కావలసింది జవాబు కాదు, పర్మిషన్. అయినా లెక్క చెప్తాను, ఎందుకంటే లెక్క తెలిస్తే భయం పుడుతుంది.

మన విస్కీ, బ్రాందీలలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో 60 గ్రాములు. ఇప్పుడు బీరు చూడండి. 650 మిల్లీలీటర్ల సీసా, 8 శాతం స్ట్రాంగ్ అయితే అందులో 41 గ్రాములు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులతో సమానం. 'నేను హాట్ ముట్టనండీ, ఒక్క బీరే' అని ధీమాగా చెప్పే డ్రైవర్లకి ఈ లెక్క చూపిస్తే కాసేపు మాట్లాడరు.

70 కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో రెండు చిన్న పెగ్గులు గబగబా తాగితే 40 దాటిపోవచ్చు. అన్నం తిని, నిదానంగా తాగితే అంతకన్నా తక్కువ రావచ్చు. ఆడవాళ్ళకి, సన్నగా ఉన్నవాళ్ళకి అదే మోతాదుకి ఎక్కువ అంకె వస్తుంది, ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి. కల్లు సంగతి మరీ చెప్పలేం. పొద్దున దింపినప్పుడు తియ్యగా ఉన్నదే సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. రెండు లోటాలంటే ఎంత అనేది ఆ కుండకే తెలియాలి.

తాగిన వెంటనే పరీక్ష చేస్తే నిజమైన అంకె వస్తుందా?

రాదు. ఉమ్మి పరీక్షలో గుండెకాయ లాంటి విషయం ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

నోట్లో పోసుకున్న మందు చిగుళ్ళ సందుల్లో, నాలుక మీద, కట్టుడు పళ్ళ కింద కాసేపు నిలిచిపోతుంది. అప్పుడు తీసిన ఉమ్మిలో రక్తం నుంచి వచ్చిన ఆల్కహాల్ కొద్దిగా, సీసాలోంచి నేరుగా వచ్చింది బోలెడు. ఒక్క గుటక పుక్కిలించి ఉమ్మేసినవాడికి కూడా పట్టీ నల్లగా మారిపోవచ్చు. రక్తంలో మాత్రం సున్నా. నేను ఒకసారి ఇంట్లో ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలించి వెంటనే పట్టీ పెట్టుకున్నాను. చార్టులో ఉన్న అన్నిటికంటే ముదురు రంగు వచ్చింది. నీళ్ళతో నోరు కడుక్కుని, పావుగంట టీవీ చూసి, ఇంకో పట్టీ పెడితే రంగు లేదు. మా ఆవిడ మాత్రం మొదటి పట్టీనే దాచిపెట్టింది.

ఈ పావుగంట ఎక్కడెక్కడి నియమాల్లోనూ ఉంటుంది. నోట్లో మిగిలిన ఆల్కహాల్‌ని ఊరే ఉమ్మి కడిగేయడానికి దాదాపు అంత సమయం పడుతుంది. ఆ సేపు తినడం, తాగడం, సిగరెట్, పాన్, చివరికి చూయింగ్ గమ్ కూడా వద్దు. ఊదే మెషిన్‌కి కూడా ఇదే నియమం. ఊపిరి బయటికి వచ్చేదీ ఆ నోట్లోంచే కదా.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని ఎవరూ తలుచుకోరు. చివరి పెగ్గు దించి పావుగంటకి పరీక్ష చేస్తే నోరు శుభ్రంగానే ఉండొచ్చు, కానీ పొట్టలో సరుకు ఇంకా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. రక్తంలో అంకె పైకెక్కడం ఆగేది అరగంటకో, గంటన్నరకో. అంటే బార్ పార్కింగ్‌లో 22 వచ్చిన మనిషికి ఇంకో ఐదు కిలోమీటర్ల అవతల చెక్‌పోస్టులో 40 రావచ్చు.

నేను తాగలేదు, అయినా పాజిటివ్ వచ్చింది. సాధ్యమేనా?

సాధ్యమే. అబద్ధమాడుతున్నాడని వెంటనే తీర్మానించేయకండి.

2025 జులైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో డ్యూటీకి ముందు పరీక్షలో డ్రైవర్లకి పాజిటివ్ రావడం మొదలైంది. తాగలేదని మొత్తుకున్నారు. ఆరా తీస్తే, ఒకాయన ఇంటి నుంచి తెచ్చిన పనసపండు తొనలు అందరూ పంచుకు తిన్నారని తేలింది. సున్నా వచ్చిన మనిషికి ఆ తొనలు తినిపించి మళ్ళీ ఊదిస్తే మెషిన్ పాజిటివ్ చూపించింది. బాగా పండి పులుపెక్కిన పండులో చక్కెర కొద్దిగా ఆల్కహాల్‌గా మారుతుంది. అక్కడ వాడింది ఊదే మెషిన్, కానీ చిక్కు నోటిదే కాబట్టి ఉమ్మి పట్టీకీ అదే గతి.

ఇక మందుల షాపు సరుకు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం లాంటి ఆయుర్వేద అరిష్టాల్లో పులియడం వల్ల తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సీసా లేబుల్ మీద ఆ శాతం రాసే ఉంటుంది. హోమియో టించర్లు ఆల్కహాల్‌లోనే చేస్తారు. కొన్ని దగ్గు సిరప్‌లలోనూ ఉంటుంది. విమానాలు నడిపేవాళ్ళకైతే సున్నా రావలసిందే, అందుకే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023లో ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడొద్దని పైలట్ల నియమాల్లో రాసింది.

ఇవన్నీ నోటి పైపైన ఉండేవే. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్షిస్తే రంగు పోతుంది. నిజంగా తాగినవాడి రంగు ఇరవై నిమిషాల్లో పోదు. నా బల్ల దగ్గర గొడవలు తీర్చింది నా అధికారం కాదు, గోడ మీద గడియారం.

పరీక్ష చేసే చేతులకి శానిటైజర్ రాసుకుంటే?

పట్టీ ముట్టుకునే ముందు సబ్బుతో కడుక్కోవాలి, శానిటైజర్ వద్దు. అది ఆల్కహాలే. గదిలో స్పిరిట్, కొత్త పెయింట్ వాసన ఉన్నా పట్టీలు విప్పకూడదు.

షుగర్ ఉన్నవాళ్ళకి తప్పు వస్తుందా?

షుగర్ బాగా అదుపు తప్పినా, కఠిన ఉపవాసం చేసినా ఊపిరిలో ఎసిటోన్ పెరుగుతుంది. చవకరకం సెమీకండక్టర్ మెషిన్లు దాన్ని ఆల్కహాల్ అని పొరబడొచ్చు. పోలీసులు వాడే ఫ్యూయల్ సెల్ మెషిన్లకి ఆ తికమక చాలా తక్కువ. ఉమ్మి పట్టీలోని ఎంజైములు ఎసిటోన్‌ని పట్టించుకోవు. కానీ ఒక జాగ్రత్త చెప్పాలి: షుగర్ పడిపోయిన మనిషి తూలతాడు, మాట తడబడుతుంది, చెమటలు పడతాయి. చూసేవాళ్ళకి తాగినట్టే ఉంటుంది. పట్టీకి రంగు రాకుండా మనిషి తూలుతుంటే గ్లూకోజ్ చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సోంపు, కాఫీ, నిమ్మకాయ, పచ్చి ఉల్లిపాయ... ఏదైనా పనిచేస్తుందా?

వాసన మార్చడానికి పనిచేస్తాయి, ఆల్కహాల్ తగ్గించడానికి కాదు. కాఫీ తాగితే నిద్ర తేలుతుంది, రక్తంలో అంకె అలాగే ఉంటుంది. ఎంజైము పట్టీలకి విటమిన్ సి లాంటివి కొన్ని అడ్డం పడి రంగు తగ్గించే మాట నిజమే. అందుకే నోరు కడిగించి, కళ్ళ ముందు పావుగంట కూర్చోబెట్టి పరీక్ష చేస్తారు. పైగా ఈ చిట్కాతో ఊదే మెషిన్ ముందు ఏమీ జరగదు.

పాన్, గుట్కా వేసేవాళ్ళ ఉమ్మి పరీక్షకి పనికొస్తుందా?

కష్టం. రంగు చూసి తేల్చే పరీక్షకి ఎర్రటి ఉమ్మి ఇస్తే ఏం చదువుతాం? నోరు బాగా కడిగించి, ఆగి, ఉమ్మి తేటగా వచ్చాకే తీయాలి. తేటగా రాకపోతే ఊదించడమే మేలు.

నోరు ఎండిపోయినవాళ్ళతో ఇంకో ఇబ్బంది. టెన్షన్ పడితే నోరు ఎండుతుంది, కొన్ని జలుబు మాత్రలకీ, సిగరెట్లకీ ఎండుతుంది. తాగినవాడికి ఎలాగూ దాహమే. పుల్ల సరిగ్గా తడవకపోతే పరీక్ష చెల్లదు. బుగ్గలు లోపల్నుంచి కదపమని, నాలుక తిప్పమని చెప్తే కాసేపటికి ఊరుతుంది. నీళ్ళు తాగిస్తే మళ్ళీ పావుగంట ఆగాలి.

రాత్రి తాగి పడుకుంటే పొద్దున డ్యూటీకి దిగిపోతుంది కదా?

ఇది నమ్మకమే తప్ప లెక్క కాదు. కాలేయం గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది, కొందరికి 10 మాత్రమే. నిద్రపోతే వేగం పెరగదు, చన్నీళ్ళ స్నానంతో పెరగదు, మజ్జిగతో పెరగదు.

70 కిలోల మనిషి రాత్రి 11 నుంచి ఒంటిగంట దాకా ఒక క్వార్టర్ పూర్తి చేశాడనుకోండి. ఒంటిగంటకి 100 దగ్గర ఉంటుంది. పొద్దున 6 గంటలకి బస్సు ఎక్కాలి. గంటకి 15 తగ్గినా 25 మిగులుతుంది. 10 చొప్పునే తగ్గే మనిషికి 50 దాటి ఉంటుంది, అంటే చట్టం దృష్టిలో తాగి నడుపుతున్నట్టే. పొద్దున పట్టీకి రంగు వచ్చి 'రాత్రే కదా సార్ తాగింది' అని నిజాయితీగా ఆశ్చర్యపోయినవాళ్ళని చాలామందిని చూశాను. పెళ్ళిళ్ళ సీజన్లో, సంక్రాంతి మర్నాడు, దసరా మర్నాడు మరీ ఎక్కువ.

ఎండకి కిట్లు పాడవుతాయా?

తప్పకుండా. లోపల ఉన్నవి ఎంజైములు, అవి వేడికి చచ్చిపోతాయి. సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమని ప్యాకెట్ మీద ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో జీపు డ్యాష్‌బోర్డు మీద పడేసిన పట్టీ తాగినవాణ్ణి కూడా తాగలేదని చెప్పొచ్చు. తేదీ దాటినవి, రేకు కవరు చిరిగి తేమ తగిలినవి, వాడకముందే మెత్తకి రంగు వచ్చినవి పారేయాలి.

వేరే దేశాల్లో ఉమ్మి పరీక్షకి విలువ ఉందా?

ఉంది, కానీ మనం అనుకునే చోట కాదు. అమెరికాలో లారీలు, బస్సులు నడిపేవాళ్ళకి రవాణా శాఖ నియమాల ప్రకారం చేసే మద్యం పరీక్షలో మొదటి మెట్టుగా ఉమ్మి పరికరాన్ని ఒప్పుకుంటారు. మన తెలుగువాళ్ళు కూడా అక్కడ ట్రక్కులు నడుపుతున్నారు కాబట్టి ఈ పద్ధతి చెప్తాను. మొదటి పరీక్షలో 0.02, అంటే మన లెక్కలో 20 కన్నా తక్కువ వస్తే సంగతి అక్కడితో ముగుస్తుంది. 20 గానీ అంతకు మించి గానీ వస్తే కనీసం 15 నిమిషాలు ఆగి, సాక్ష్యానికి పనికొచ్చే ఊదే మెషిన్‌తో రెండో పరీక్ష చేస్తారు. ఆ రెండో అంకే లెక్క. 40 చేరితే ఉల్లంఘన. 20కి 40కి మధ్య ఉంటే 24 గంటలు స్టీరింగ్ ముట్టనివ్వరు. ఉమ్మి అంకె మీద ఎవరి ఉద్యోగమూ పోదు. ఉమ్మి పరీక్షని జల్లెడలా వాడడమంటే ఇదే, నాకు నచ్చిన పద్ధతి కూడా ఇదే.

ఆస్ట్రేలియా, బ్రిటన్ పోలీసులు రోడ్డు మీద ఉమ్మి తీసే వీడియోలు చూసి చాలామంది అది మద్యం పరీక్ష అనుకుంటారు. కాదు, అది గంజాయి, కొకైన్ లాంటి వాటి కోసం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2004 డిసెంబరులో ఇది మొదలుపెట్టింది. బ్రిటన్‌లో 2015 మార్చిలో కొత్త చట్టం వచ్చాక పెరిగింది. మద్యానికి వాళ్ళూ ఊదిస్తారు. గంజాయిని ఊపిరిలో పట్టుకునే నమ్మకమైన మెషిన్ వాళ్ళ చేతిలో లేదు కాబట్టి ఉమ్మి దారి పట్టారు. మన 185వ సెక్షన్‌లో మత్తుమందులకి అంకె లేదు. బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని చూపించాలి.

బస్సుల ఓనర్‌ని. మా డ్రైవర్లకి ఈ పట్టీలు వాడవచ్చా?

వాడండి, మొదటి వడపోతగా. అందరికీ చేయండి. అనుమానం ఉన్నవాడికే చేస్తే అది పరీక్ష కాదు, అవమానం. ఓనర్ కొడుకు బండి తీసినా అతనికీ చేయాలి. ముందు నోరు కడిగించండి, పావుగంట కూర్చోబెట్టండి, తేదీ చూసి అతని ముందే కవరు విప్పండి. రంగు వస్తే పావుగంట ఆగి మళ్ళీ చేయండి. మళ్ళీ వస్తే ఆ రోజుకి బండి ఇవ్వకండి. అంతవరకూ మీ చేతిలో పని. ఉద్యోగం తీసే ఆలోచన ఉంటే మాత్రం రక్త పరీక్ష లేకుండా ముందుకెళ్ళకండి. వాడిన పట్టీలు, పుల్లలు చెత్తబుట్టలో కాకుండా ఆసుపత్రి వ్యర్థాలతో కలిపి పంపించే ఏర్పాటు చూసుకోండి.

పరీక్ష ఒక్కటే చూసి ఉద్యోగం తీసేయవచ్చా?

2025లో తెలంగాణ హైకోర్టు ఒక ఆర్టీసీ డ్రైవర్ కేసులో బ్రీత్ ఎనలైజర్ రిపోర్టు ఒక్కదాని మీద ఉద్యోగం తీసేయడాన్ని ఒప్పుకోలేదు. దీని వెనుక 1971 నాటి బచూభాయ్ కేసులో సుప్రీంకోర్టు మాట ఉంది: నోటి వాసన, తడబడే నడక, తడబడే మాట చూసి తాగాడని ఖాయం చేయలేం, రక్తం లేదా మూత్రం పరీక్షించాలి. ఊదే మెషిన్ రిపోర్టుకే ఈ పరిస్థితి అయితే, రంగు చార్టు పట్టీ ఎక్కడ నిలబడుతుందో మీరే ఊహించుకోండి.

పరీక్షే జరగకపోతే బీమా డబ్బు వస్తుంది కదా?

ఆ ధీమా వద్దు. 2021లో సుప్రీంకోర్టు ఒక కారు ప్రమాదం కేసులో, ఊదే పరీక్షా రక్త పరీక్షా లేకపోయినా ఇతర ఆధారాలతో డ్రైవర్ మత్తులో ఉన్నాడని బీమా కంపెనీ చూపించవచ్చని చెప్పింది. శిక్ష వేయడానికి కావలసిన 30 అంకె సొంత బండి నష్టం క్లెయిమ్ తిరస్కరించడానికి అక్కర్లేదు. శిక్ష మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. కారు రిపేరు బిల్లు దానికంటే చాలా ఎక్కువ రావచ్చు.

ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నవాళ్ళకి ఉమ్మి పరీక్ష చేస్తారా?

ఊదలేని మనిషి దగ్గర ఉమ్మి పనికొస్తుందనిపిస్తుంది నిజమే. కానీ నోట్లో రక్తం, వాంతి ఉన్నప్పుడు ఆ ఉమ్మిని నమ్మలేం. వైద్యం కోసమైనా, కేసు కోసమైనా రక్తమే తీస్తారు. చికిత్సకి ఇబ్బంది అనిపిస్తే డాక్టరు పోలీసులకి కాదనవచ్చు, చట్టం ఆ అధికారం ఇచ్చింది.

ఆన్‌లైన్లో పట్టీలు కొన్నాను. పార్టీ అయ్యాక రంగు రాకపోతే బండి తీయవచ్చా?

వద్దు. పైన చెప్పినట్టు అంకె ఇంకా ఎక్కుతూ ఉండొచ్చు, పట్టీ ఎండకి చచ్చి ఉండొచ్చు, తాగిన కళ్ళతో మీరే రంగు తప్పు చదవొచ్చు. పట్టీ తెచ్చుకున్నది మర్నాడు పొద్దున వాడుకోవడానికి. మిగతావి ఫ్రిజ్‌లో కాకుండా ఇంట్లో చల్లటి బీరువాలో పెట్టుకుని, పొద్దున 6 గంటలకి ఆటోనో, బస్సో తీసే ముందు ఒకటి విప్పి చూసుకోండి. రంగు వస్తే సెలవు చెప్పండి.